రాయదుర్గం ఏరు – అంగారకుడి వాగులు

ఉగాది సంచికకి చరిత్ర మీద ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు అడిగారు. రాజుల గురించీ, శాసనాల గురించీ రాయగల పెద్దలు మనలో ఉన్నారు. నేను చదివింది సివిల్ ఇంజనీరింగు, చేసేది వాననీటి కాలువల పని. అందుకని నీళ్ళ చరిత్రే రాస్తున్నాను. ఆ నీళ్ళు ఇప్పుడు లేవు, అది వేరే సంగతి.

బ్లాంచర్డ్స్‌టౌన్‌లో ఉండే మనలో చాలామంది ఆదివారం సాయంత్రం రాయల్ కెనాల్ గట్టున నడిచేవారే. 1843 అక్టోబరు 16న హామిల్టన్ మహాశయుడు ఈ గట్టునే నడుస్తూ, బ్రూమ్ వంతెన రాతి మీద తన క్వాటర్నియన్ల సూత్రం చెక్కాడని లెక్కలు చదివినవారికి తెలుసు. ఆయన కాపురం ఉన్నది మనకి రెండు మూడు మైళ్ళ దూరంలోని డన్‌సింక్ వేధశాలలో. 1785లో స్థాపించిన ఆ వేధశాలలోనే, 1870లలో, చార్లెస్ బర్టన్ అనే యువకుడు సహాయకుడిగా పనిచేశాడు. 1877లో ఇటలీలో షియాపరెల్లి అంగారకుడి మీద సన్నని గీతలు కనిపిస్తున్నాయని ప్రకటించాడు. రెండేళ్ళకి, 1879లో, బర్టన్ కూడా డబ్లిన్ ప్రాంతం నుంచే అలాంటి గీతలు చూసి బొమ్మలు గీశాడు. పాపం, 1882లోనే పోయాడు. ఇప్పుడు అంగారకుడి మీద ఒక గుంటకి ఆయన పేరుంది.

షియాపరెల్లి వాడిన మాట 'కనాలి'. దానికి సహజంగా ఏర్పడిన పాయ అనే అర్థమూ ఉంది. ఇంగ్లీషులోకి వచ్చేసరికి అది 'కెనాల్' అయింది. మన భాషలో అయితే తేడా తేలిగ్గా తెలుస్తుంది. మనిషి తవ్వితే కాలువ, తనంతట తాను పారితే వాగు. వాగు కాస్తా కాలువ అయ్యేసరికి తవ్వినవాళ్ళు కూడా ఉండాలి కదా! అమెరికాలో పెర్సివల్ లోవెల్ ఆ తవ్వినవాళ్ళ గురించి పుస్తకాలే రాశాడు. రాయల్ కెనాల్ లాంటివి అక్కడ వందలకొద్దీ ఉన్నాయని జనం నమ్మారు.

1971 నవంబరులో మారినర్-9 నౌక అంగారకుణ్ణి చేరేసరికి గ్రహమంతా దుమ్ము తుఫాను. కొన్ని వారాలు ఏమీ కనబడలేదు. దుమ్ము అణిగాక చూస్తే కాలువలు లేవు, వాగులున్నాయి! ఉపవాగులు కలుస్తూ, వంకరలు తిరుగుతూ, లంకల్ని చుట్టుకుంటూ పోయే ఎండిన వాగులు. వాటిలో ఒక పెద్దదానికి 'మంగళ' అని మన పేరే పెట్టారు. బర్టన్ చూసిన గీతలకీ వీటికీ సంబంధం లేదు. ఆ గీతలు కంటి భ్రమ. లేనిదాన్ని చూసిన చోటే ఉన్నది దొరకడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

అంగారకుడి గాలి ఒత్తిడి మనదాంట్లో నూరో వంతు కూడా లేదు. నీళ్ళు పోస్తే నిలవవు. మరి వాగులెలా వచ్చాయి? భూమి మీద ఎండిన ఏళ్ళని చూస్తే తప్ప తెలియదు. అందుకే శాస్త్రజ్ఞులు ఎడారులు పట్టారు. 1981 నవంబరులో కొలంబియా షటిల్ తీసుకెళ్ళిన రాడార్ ఈజిప్టు, సూడాన్ సరిహద్దులో ఇసుక కిందికి చూసింది. పైన చదునైన ఎడారి. కింద నైలు లోయంత వెడల్పు లోయలు! మర్నాటి ఏడాది వెళ్ళి తవ్వి చూస్తే ఏటి గులకరాళ్ళూ, రాతియుగపు మనుషుల పనిముట్లూ దొరికాయి. 2012లో క్యూరియాసిటీ అంగారకుడి మీద అలాంటి నున్నటి గులకరాళ్ళే చూసింది. అంత రాయిని గాలి దొర్లించలేదు, నీళ్ళే అరగదీయాలి. చీలమండ లోతు నుంచి నడుము లోతు దాకా ఏరు పారిందని లెక్కకట్టారు. మూడువందల కోట్ల ఏళ్ళకి పైబడిన మాట.

ఇక మా ఊరి సంగతి. మాది అనంతపురం జిల్లా, రాయదుర్గం దగ్గర పల్లె. అంగారకుడి మీద చిన్న గుంటలకి లక్ష జనాభా లోపు ఊళ్ళ పేర్లు పెడతారు. దక్షిణార్ధగోళంలో ఒక గుంట పేరు రాయదుర్గం! ఎవరు ఎంచారో గానీ సరిగ్గా కుదిరింది. ఎందుకంటే తెలుగునాట ఎడారి ఏరు చూడాలంటే మా వేదవతినే చూడాలి. హగరి అని కూడా అంటారు. కర్ణాటకలో పుట్టి, మా ప్రాంతం మీదుగా బళ్ళారి వైపు పోయి తుంగభద్రలో కలుస్తుంది. కలుస్తుందని పుస్తకాల్లో ఉంది. నా చిన్నప్పుడు ఏరు నిండుగా పారడం చూసింది వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు, డబ్లిన్‌ది సుమారు 750. తేడా అంతే! ఇక్కడ ఏడాది పొడుగునా తుంపర పడుతుంది, మన తొల్కా నది ఎప్పుడూ పారుతుంది. అక్కడ నాలుగు వానల్లో పడిపోయి, ఎండకి ఆవిరైపోతుంది. కాబట్టి లెక్కప్రకారం మాది ఎడారి కాదు, కానీ ఏటి నడత మాత్రం ఎడారి ఏటిదే. ఒక్క రాత్రి ఉరుకుతుంది, తెచ్చిన ఇసుక పరిచి పోతుంది. ఆషాఢం గాలికి ఆ ఇసుక లేచి తూర్పు గట్టున పొలాల మీద పడుతుంది. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వెళ్ళినవారికి ఆ దిబ్బలు తెలుసు. మా తాతగారి నాలుగెకరాలూ, కపిల బావీ ఒక దిబ్బ కిందే ఉన్నాయి. పాసుపుస్తకంలో మాత్రం పొలమనే ఉంది. అంగారకుడి వాగుల అడుగున గాలి పేర్చిన ఇసుక అలల ఫోటోలు చూసినప్పుడల్లా నాకు ఆ బావి గుర్తొస్తుంది.

కిందటి వేసవిలో మా అమ్మాయిని తీసుకెళ్ళి ఏరు చూపించాను. పుట్టింది ఇక్కడే, తొల్కా చూసి పెరిగిన పిల్ల. అటూ ఇటూ చూసి, "నీళ్ళే లేకపోతే ఏరని ఎందుకంటారు నాన్నా?" అంది. ఇంజనీరునైన నేను ఉపరితల ప్రవాహం, భూగర్భ ప్రవాహం అని మొదలుపెట్టాను. మా చిన్నాయన నవ్వి, "ఉండు పాపా, ఏరు యాడికి పోతాది?" అని కూర్చుని చేతుల్తో ఇసుక తోడాడు. మోచేతి లోతుకి తడి, ఇంకాస్త తోడితే చెలమలో నీళ్ళు ఊరాయి. 2008లో ఫీనిక్స్ నౌక అంగారకుడి ఉత్తర ధ్రువం దగ్గర ఇలాగే కొన్ని అంగుళాలు గీకితే తెల్లగా మంచుగడ్డ బయటపడింది. ఆ మాట అక్కడ చెప్పలేదు, చిన్నాయన ముందు అనవసరం అనిపించింది.

మొదట ఊరిన మురికినీళ్ళు రెండుసార్లు చిమ్మేసి, తేటపడ్డాక ఆయన దోసిలి పట్టాడు. మా అమ్మాయి నా వైపు ఒకసారి చూసి తాగింది. "ఉప్పగా లేవే!" అంది.