క్యూసెక్కుల మంత్రి

సాయంత్రం మా ప్రగతి నగర్‌లో అంబీర్ చెరువు పక్కన నడిచేవాళ్లలో సాఫ్ట్‌వేర్ వాళ్లే ఎక్కువ. రాజకీయాల మాటొస్తే వాళ్ల తీర్పు ఒకటే: ఖజానా ఆర్థికవేత్తకివ్వాలి, నీళ్లు ఇంజినీరుకివ్వాలి. ఈ కోరిక ఇక్కడ కొత్తది కాదు. మంత్రుల్ని చట్టసభ బయటినుంచి తెచ్చుకోవాలని వాదించిన లోక్‌సత్తా జయప్రకాష్ నారాయణ్ 2009లో గెలిచింది పక్కనున్న కూకట్‌పల్లిలోనే. 294 స్థానాల్లో ఆ పార్టీకి దక్కింది అదొక్కటే.

నీటిపారుదల శాఖలో ఈఈగా రిటైరైన నాకు ఆ వాదన సగం నచ్చుతుంది. మిగతా సగం దగ్గర వెల్లోడి అడ్డం వస్తాడు.

ఎం.కె.వెల్లోడి ఐసీఎస్ అధికారి. 1950 జనవరి 26న ఢిల్లీ ఆయన్ని హైదరాబాద్ రాష్ట్రానికి ముఖ్యమంత్రిని చేసింది. పార్టీ లేదు, ఓటు లేదు. పాలన తెలిసినవాడే, కాదనను. కానీ హైదరాబాద్‌ను భారత్‌లో కలిపిన పోలీసు చర్య తర్వాత మొదలైన బయటి ఉద్యోగుల రాక ఆయన హయాంలోనూ ఆగలేదు. ఇదేంటని నిలదీయడానికి జనం చేతిలో ఓటు లేదు. 1952 మార్చిలో, ఎన్నికలయ్యాక, బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రయ్యారు. ఆ సెప్టెంబరులోనే ‘గైర్ ముల్కీ గో బ్యాక్’ (స్థానికేతరులు వెనక్కి పొండి) అంటూ విద్యార్థులు రోడ్డెక్కారు, సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగాయి. వెల్లోడి నాటి బాకీ బూర్గుల నెత్తిన పడింది. (ఆయనా వెల్లోడి మంత్రివర్గంలో పనిచేసినవాడేననుకోండి.)

కె.ఎల్.రావు కథ వేరు. కంకిపాడులో పుట్టి, బర్మింగ్‌హామ్‌లో డాక్టరేట్ చేసి, కేంద్ర జల, విద్యుత్ కమిషన్‌లో డ్యాముల డిజైన్లు చూసిన మనిషి. నాగార్జునసాగర్‌ను రాతికట్టడంగా కట్టాలని పట్టుబట్టినవాళ్లలో ఆయన ముఖ్యుడు. యంత్రాలు కావాలంటే విదేశీ మారకం కావాలి; రాయీ, కూలీ మన దగ్గరే దండిగా ఉన్నాయి. పరంజాల మీద బారులు తీరి, కర్రలకు కట్టిన రాళ్లను భుజాన మోసుకెళ్తున్న కూలీల ఫొటోలు ఇప్పుడు చూసినా నాకు మెడ నొప్పెడుతుంది. అలా లేచింది ఆ 124 మీటర్ల గోడ.

నెహ్రూ ఆయన్ని నామినేట్ చేసి ఊరుకోలేదు, ఎన్నికల్లో దింపాడు. 1962లో విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచి, మరుసటి ఏడు నీటిపారుదల, విద్యుత్ మంత్రయ్యారు. 1967లో, 1971లో మళ్లీ గెలిచారు. తన ఆత్మకథకు ఆయన పెట్టుకున్న పేరు ‘క్యూసెక్స్ క్యాండిడేట్’. కాలవల కింద బతికే జనానికి అంతకంటే మంచి పార్టీ గుర్తేముంటుంది?

1991లో పి.వి. నరసింహారావు మన్మోహన్ సింగ్‌ను ఆర్థికమంత్రిగా తెచ్చినప్పుడు అడ్డదారి దొరికింది. పార్లమెంటు సభ్యుడు కానివాడు ఆరు నెలలపాటు మంత్రిగా ఉండొచ్చని రాజ్యాంగమే అంటుంది. ఆలోపే అస్సాం నుంచి రాజ్యసభ సీటొచ్చింది. 1999లో దక్షిణ ఢిల్లీలో జనాన్ని నేరుగా ఓటడిగితే మాత్రం ఆయన ఓడిపోయారు.

ఓటూ, చదువూ రెండూ ఉన్నా అన్నీ జరుగుతాయా? 1972 నాటి కె.ఎల్.రావు గంగా–కావేరి అనుసంధాన పథకం కాలువ పొడవు 2,640 కిలోమీటర్లు. నీళ్లు ఎత్తిపోయడానికి కావలసిన కరెంటు, ఖర్చు లెక్కగట్టి కేంద్ర జల కమిషన్ కాదంది. ఆయన ఒకప్పుడు కూర్చున్న ఆఫీసే అది. తోటి ఇంజినీర్లు మంత్రిగారి మొహం చూడలేదు, అంకెలే చూశారు.