మా కాంట్రా ఏ సంకలనంలో ఉంది?

మొన్న జులై సెలవుల్లో, బయట టార్నీట్ చలిగాలి ఈడ్చి కొడుతుంటే, మా అబ్బాయి టీవీ ముందు కూర్చుని పాత ఆటల సంకలనం ఒకటి తెరిచాడు. కొనామీ కంపెనీ 2019లో విడుదల చేసిన ‘కాంట్రా యానివర్సరీ కలెక్షన్’ అది. ఆ పేరు తెర మీద కనబడగానే వాడి చేతిలోంచి కంట్రోలర్ లాక్కున్నాను. పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బీ, ఏ. ముప్పై ప్రాణాలు!

“నీకెలా తెలుసు నాన్నా?”

“గుంటూరులో ఆడేవాళ్లం.”

“అప్పుడు మీ ఊళ్లో నింటెండో అమ్మేవాళ్లా?”

జవాబు వెంటనే తోచలేదు. ఇంతలో పక్కింటాయన మా నిచ్చెన తిరిగివ్వడానికి వచ్చాడు. జీలాంగ్‌లో పుట్టి పెరిగిన మనిషి. తెర వైపు చూసి, “ఇది ప్రొబొటెక్టర్ కదా! రోబోలేమయ్యాయి?” అన్నాడు. ఆట ఒక్కటే. ఆయన చిన్నతనం వేరు, నాది వేరు, మా వాడి ముందున్నది మరొకటి.

కాంట్రా మొదట 1987లో నాణెం వేసి ఆడే ఆర్కేడ్ యంత్రంగా వచ్చింది. మరుసటి ఏడు నింటెండో ఇంటి యంత్రానికి కాసెట్‌గా మారింది. జర్మనీలో మనుషుల్ని కాల్చే ఆటల మీద ఆంక్షలు గట్టిగా ఉండేవి. అందుకని 1990లో యూరప్‌కు పంపిన కాసెట్‌లో కొనామీ సైనికుల్ని రోబోలుగా మార్చి, ప్రొబొటెక్టర్ అని పేరు పెట్టింది. ఆస్ట్రేలియాలో టీవీలు యూరప్ లాగే పాల్ పద్ధతివి కనుక ఇక్కడికీ ఆ రోబోలే వచ్చాయి.

మన దేశంలో టీవీలూ పాల్ పద్ధతివే. ఆ లెక్కన మనకూ రోబోలే రావాలి. కానీ మనకు సరుకు వచ్చిన దారి వేరు. 1983లో జపాన్‌లో నింటెండో తెచ్చిన ఫ్యామిలీ కంప్యూటర్‌కు తైవాన్ తదితర చోట్ల నకళ్లు పుట్టుకొచ్చాయి. రష్యాలో 1992 నుంచి ‘డెండీ’ పేరుతో ఇంటింటికీ చేరినవి అలాంటివే. మనకు అవి ఉత్త ‘టీవీ గేమ్’. అసలు తయారీదారు ఎవరో మాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

మా ఇంట్లో అది లేదు. బ్రాడీపేటలో ఒక చిన్న గదిలో నాలుగు టీవీలు పెట్టి గంటకు అయిదు రూపాయలకు ఆడించేవారు. గంట అయ్యేసరికి యజమాని వెనక నుంచి వచ్చి, రాక్షసుడు ఇంకో రెండు దెబ్బలకు చస్తాడనగా, నిర్దాక్షిణ్యంగా స్విచ్ ఆపేసేవాడు. కాసెట్ మీద ‘9999 ఆటలు’ అని రాసి ఉండేది. నిజానికి అందులో ఉన్నవి పాతికో ముప్పైయో. మిగతావన్నీ అవే ఆటలు, వేరే దశలోంచి మొదలయ్యేవి. మెనూలో మీరు ఎంచుకున్న అంకెను బట్టి, ఏ ఆటను ఏ మెట్టు దగ్గర మొదలుపెట్టాలో చెప్పే చిన్న ప్రోగ్రాము, అంతే కిటుకు. మోసమే, కాదనను. కానీ ఆలోచిస్తే నేను చూసిన మొట్టమొదటి ఆర్కేడ్ ఆటల సంకలనం అదే! గ్యాలగా, ప్యాక్‌మ్యాన్, డాంకీకాంగ్ అన్నీ అందులోనే పరిచయమయ్యాయి. వాటి అసలు యంత్రాలను నేను పెద్దయ్యాక మెల్‌బోర్న్‌లో గానీ చూడలేదు.

అధికారిక సంకలనాల కథ దాదాపు ఆ కాలంలోనే మొదలైంది. 1995లో నామ్‌కో తన పాత ఆటలను ‘నామ్‌కో మ్యూజియం’ పేరుతో ప్లేస్టేషన్‌కు తెచ్చింది. పేరులోనే మ్యూజియం! అంతకు ముందు ఆర్కేడ్ ఆట ఇంటికి రావాలంటే దాన్ని మొదటి నుంచీ మళ్లీ రాయాల్సిందే. 1982లో అటారీ 2600 కోసం అలా రాసిన ప్యాక్‌మ్యాన్ అసలుకు ఆమడ దూరంలో ఉండి అభాసుపాలైంది. తర్వాత ఎమ్యులేషన్ వచ్చింది. పాత చిప్పుల్లోని ప్రోగ్రామును ఉన్నదున్నట్టు తీసుకుని, కొత్త యంత్రంలో పాత యంత్రాన్ని నటింపజేసి, దాని మీద నడపడమన్నమాట. 2022లో వచ్చిన ‘అటారీ 50’ ఇంకో అడుగు వేసి, ఆటల మధ్యలో తయారుచేసినవాళ్ల మాటలు, పాత కాగితాలు కూడా పొందుపరిచింది.

అయితే సంకలనమంటే ఎంపిక. ఎంచుకునేది హక్కుదారు. ప్యాక్‌మ్యాన్ ఆటల్లో మిస్ ప్యాక్‌మ్యాన్ ఎంత పేరున్నదో తెలిసిందే. హక్కుల తగాదా వల్ల 2022 నాటి ‘ప్యాక్‌మ్యాన్ మ్యూజియం ప్లస్’లో ఆమెకు చోటు లేకపోయింది. కాంట్రా సంకలనంలో ‘సూపర్ ప్రొబొటెక్టర్’ ఉంది కనుక మా పక్కింటాయన రోబోలకు కొంత చోటు దొరికింది. బ్రాడీపేట కాసెట్‌కు మాత్రం హక్కుదారు లేడు. ఉన్నా ముందుకొచ్చి ఒప్పుకోడు. అందుకని దాన్ని ఎవరూ మళ్లీ విడుదల చేయరు.

ఆ రాత్రి గుంటూరులో ఉన్న తమ్ముడికి ఫోన్ చేశాను. మెనూలో కాంట్రా ఒకటో నంబరని నేను, మూడోదని వాడు. పాతిక నిమిషాలు వాదించుకున్నాం. ఆ గది ఉన్న చోట ఇప్పుడు మందుల షాపు ఉందట. తేల్చి చెప్పే ఆధారం ఏదీ మిగల్లేదు. నవ్వుకుని ఫోన్ పెట్టేశాం గానీ నాకు నిద్రపట్టలేదు. ముప్పై ఏళ్ల కిందటి సంగతికే ఇంత అయోమయమైతే, రేపు మా అబ్బాయికి నేనేం చెప్పగలను?

మనకిది కొత్త సమస్య కాదు. రాసినవారెవరో తెలియని చాటుపద్యాలు జనం నాలుకల మీదే బతికితే, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వాటిని సేకరించి ‘చాటుపద్య మణిమంజరి’గా అందించారు. పైకి పైకి, కిందికి కిందికి అనే ఆ వరుస కూడా మాకు చాటువులాగే నోటి మాటగా వచ్చింది. దాన్ని 1986లో గ్రేడియస్ అనే ఆటలో పెట్టింది కజుహిసా హషిమోటో అని ఆయన 2020లో కన్నుమూశాకే నాకు తెలిసింది.

ఇక్కడివాళ్లు ఆ పని మొదలుపెట్టారు కూడా. 2012లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పరిశోధకులు ‘ప్లే ఇట్ అగైన్’ అనే ప్రాజెక్టు చేపట్టి, 1980ల నాటి స్థానిక ఆటలతో పాటు వాటిని ఆడినవారి జ్ఞాపకాలనూ సేకరించారు. మెల్‌బోర్న్‌లోని బీమ్ సాఫ్ట్‌వేర్ 1982లో చేసిన ‘ది హాబిట్’ వంటివి ఊరికే మాసిపోకూడదన్నది వాళ్ల తపన.

టార్నీట్‌లో రైల్వే స్టేషనే 2015లో తెరిచారు. మా వీధిలో చాలా ఇళ్లు మా పిల్లలకంటే చిన్నవి. ఇలాంటి చోట పాతకాలం ఎలా ఉండేదంటే పిల్లలకు చూపించడానికి గోడలుండవు. మనం చెప్పిందే ఉంటుంది. అందుకే మా వాడి ప్రశ్నకు జవాబుగా ఒక నోటు పుస్తకంలో ఆ గది కొలతలు, టీవీల వరుస, కాసెట్ రంగు రాయడం మొదలుపెట్టాను. మెనూ నంబరు దగ్గర రెండూ రాశాను, ఎవరిది ఏదో పేరుతో సహా.

ఈసారి ఇండియా వెళ్లినప్పుడు మీ ఇంటి అటక ఒకసారి చూడండి. పసుపు రంగు కాసెట్ కనిపిస్తే పారేయకండి. మెనూలో కాంట్రా ఎన్నో నంబరో చూసి చెప్పండి.