‘ఫోల్’ వెనుక తిత్తి

‘లా కాజ్ ఓ ఫోల్’ అనే ఫ్రెంచి కామెడీని (1978) ఒకచోట ‘పిచ్చివాళ్ల పంజరం’ అని పరిచయం చేశారు. నిఘంటువు తప్పు కాదుగానీ, సినిమాలో పిచ్చివాళ్లెవరూ లేరు. సాన్ ట్రోపేలో క్లబ్బు నడిపే రెనాటో, అక్కడ ఆడవేషంలో పాడే ఆల్బిన్ ఏళ్లుగా కాపురం చేస్తున్న జంట. రెనాటో కొడుకుకి కాబోయే మామ నీతులు దంచే రాజకీయనాయకుడు. ఆయన వస్తున్నాడని ఆల్బిన్‌కి ‘మగాడిలా’ కరకర బిస్కట్‌కి వెన్న రాయడం నేర్పుతారు. అది ముక్కలవుతుంది, ఆల్బిన్‌గా వేసిన మిషెల్ సెరో ముఖం చూడాలి! ‘ఫోల్’ అంటే వెర్రిది. వాడుకలో, ఆడంగి నడతగల స్వలింగప్రియుణ్ణి వెక్కిరించే మాట. 1973లో ఈ సినిమాకి మూలమైన నాటకం రాసిన జాఁ ప్వారే రెండర్థాలనూ పేరులో ఇరికించాడు. ‘ఫోల్’ మాటకి మూలం లాటిన్ ‘ఫోలిస్’: కొలిమితిత్తి. లోపల గాలే గనక బుర్ర తక్కువవాడికి అంటింది. పాత ఫ్రెంచి ‘ఫోల్’ ఇంగ్లీషులో ‘ఫూల్’ అయింది. ‘ఏప్రిల్ ఫూల్’గా మనింటికీ వచ్చింది. మన తిత్తి మాత్రం ఊపిరితిత్తిగా పరువు నిలుపుకుంది. అదే ‘ఫోలిస్’ నుంచి ‘చిన్న తిత్తి’ అనే అర్థంలో పుట్టిన ‘ఫాలికిల్’ స్కానింగ్ రిపోర్టుల్లో మిల్లీమీటర్లలో కనిపిస్తుంది. దాన్ని చూసి ఎవరూ నవ్వరు.