ఖాళీ మంచం ఖరీదు

అలాస్కా ఓడలో గదికి ఇద్దరి లెక్కన ధర కడతారు. ఒక్కదాన్నే వెళ్ళాను కనుక రాని రెండో మనిషి డబ్బు కూడా దాదాపు నేనే కట్టాను. ఓడ దిగి డెనాలీకి రైలెక్కినా "ఒక్కరే వచ్చారా?" అన్న ప్రశ్న వెంటే వచ్చింది.

నాకన్నా ముందు వచ్చిన ఆడవాళ్ళెవరని వెతికాను. 1883 జూలైలో 'ఐడహో' స్టీమరు గ్లేసియర్ బే లోకి వెళ్ళినప్పుడు, అందులో 26 ఏళ్ళ పత్రికా రచయిత్రి ఎలైజా సిడ్మోర్ ఉంది. 1885లో వచ్చిన ఆమె అలాస్కా పుస్తకం మీద 'ఇ. రుహామా సిడ్మోర్' అని ఉంటుంది. ఎలైజా ఒక్క అక్షరమైపోయింది. ఇవాళ అక్కడో హిమానీనదానికి ఆమె ఇంటిపేరుంది.

ఇది మన గెలుపు కథే అనుకుని సంతోషించాను. కానీ ఆ 'నిర్జన' తీరం హూనా ట్లింగిట్ ప్రజల పుట్టిల్లు. 18వ శతాబ్దంలో మంచు ముందుకు తోసుకొచ్చి వాళ్ళ ఊళ్ళను మింగేసింది. అందరూ పడవలెక్కినా ఒక స్త్రీ మాత్రం ఇంట్లోనే ఉండిపోయిందని వాళ్ళ కథ. ఒకరు చెప్పిన కథలో ఆమె కాస్తీన్ అనే యువతి, మరొకరి కథలో ఆమె అవ్వ. 1925లో ప్రభుత్వం ఆ అఖాతాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. హూనా వాళ్ళ సామూహిక గృహం అక్కడ మళ్ళీ లేచింది 2016లో.

ఒంటరితనానికి నేను డబ్బు కట్టాను, సిడ్మోర్ పేరు కుదించుకుంది. ఉండిపోయిన ఆ స్త్రీ చెల్లించినదాన్ని ఏ లెక్కలో రాద్దాం? మన యాత్రాచరిత్ర రాసేటప్పుడు, వచ్చినవాళ్ళతోనే మొదలుపెడదామా?