భూభారతి చట్టం: భూముల హద్దుల కొలత - సర్వేయర్ల శిక్షణ

తెలంగాణ భూభారతి (భూమి హక్కుల రికార్డు) చట్టం, 2025 అదే సంవత్సరం ఏప్రిల్ 14న అమలులోకి వచ్చింది. ప్రభుత్వం నోటిఫై చేసే తేదీ నుండి భూముల రిజిస్ట్రేషను, మ్యుటేషనుకు సర్వే పటాన్ని జతపరచవలసి ఉంటుంది.

ఇందుకు అవసరమైన లైసెన్సుడు సర్వేయర్లకు 2025 మే 26న 50 పనిదినాల శిక్షణ ప్రారంభించడం జరిగింది. అక్టోబరు 19న హైదరాబాదులోని శిల్పకళా వేదికలో 3,465 మందికి లైసెన్సులు అందజేయబడ్డాయి.

నిజాం కాలపు సర్వేలో గొలుసు పొడవు 33 అడుగులు. ఒక చదరపు గొలుసు ఒక గుంట, అనగా 121 చదరపు గజాలు. 40 గుంటలు ఒక ఎకరం. నాటి కొలతలు టిప్పన్లలో, విస్తీర్ణాలు సేత్వార్లలో నమోదై ఉన్నాయి. నేటి యంత్రాల కొలతలను ఈ రికార్డులతోను, క్షేత్రంలోని హద్దురాళ్లతోను సరిచూడటం సర్వేయరు ప్రధాన బాధ్యత.

పసుపు పరిశోధన కేంద్రం గల నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి వంటి మండలాలలో చిన్న కమతాల రైతుకు ప్రతి గుంటా విలువైనదే. 121 గజాల పొడవు గల గట్టు ఒక్క గజం జరిగినచో ఒక గుంట పొరుగు కమతంలో కలిసిపోతుంది. అందుచేత కొలతకు ముందు పొరుగు పట్టాదారులకు నోటీసు ఇవ్వడం ముఖ్యం.

మ్యుటేషనుపై తహసీల్దారు ఉత్తర్వుకు అభ్యంతరమున్నవారు ఆర్.డి.ఓ.కు, ఆపై కలెక్టరుకు అప్పీలు చేసుకొనవచ్చును.