ఏరు దాటి చూసిన చూపు

భవిష్యత్తును ముందే కళ్లకు కట్టుకోమని ఇప్పుడు ప్రతి వ్యక్తిత్వ వికాస తరగతిలోనూ చెబుతున్నారు. మా వనపర్తి పిల్లలు కూడా చార్టు మీద కారు, మేడ, విమానం బొమ్మలు అంటించి గోడకు తగిలించుకుంటున్నారు. తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి నేను. పిల్లలు కలలు కంటుంటే కాదనను. కానీ కల ఎలా కనాలో తెలుసుకోవడానికి ఎక్కడెక్కడి పుస్తకాలో తిరగెయ్యక్కర్లేదు. మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు చరిత్ర చదివితే చాలు. అందులోనూ సురవరం ప్రతాపరెడ్డిగారి కథ ఒక్కటి చదివినా సరిపోతుంది.

ఆయన 1896లో పుట్టారు. సొంతూరు అలంపురం దగ్గరి ఇటిక్యాలపాడు, ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా. అక్కణ్ణుంచి తుంగభద్ర దాటితే కర్నూలు. ఇవతలి ఒడ్డు నిజాం రాజ్యం, అవతలి ఒడ్డు మద్రాసు ప్రెసిడెన్సీ. ఇవతల కచేరీలో ఉర్దూ, పై చదువులకూ ఉర్దూయే. 1918లో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధన ఉర్దూలోనే సాగింది. ఇంట్లో మాట్లాడే తెలుగుకు బయట ఎక్కడా చెల్లుబాటు లేదు. ప్రతాపరెడ్డిగారు కర్నూల్లోనూ, ఆ పైన మద్రాసులోనూ చదువుకున్నారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రిక 1914 నుంచి మద్రాసులో దినపత్రికగా వస్తోంది. తెలుగులో పత్రిక నడుస్తుందనీ, తెలుగులో సభ జరుగుతుందనీ, తెలుగు పుస్తకం అచ్చయి అంగట్లోకి వస్తుందనీ చూసి వచ్చిన మనిషి ఆయన. అందుకే ఆయన కల గాలిలో కట్టిన మేడ కాలేదు. అవతలి ఒడ్డున ఉన్నది ఇవతలి ఒడ్డుకు ఎందుకు రాకూడదన్నదే ఆయన ప్రశ్న.

హైదరాబాదుకొచ్చి, కొత్వాలు రాజబహదూర్ వెంకటరామారెడ్డిగారి చలవతో వెలసిన రెడ్డి హాస్టలుకు ఆయన కార్యదర్శి అయ్యారు. ఈ వెంకటరామారెడ్డిగారూ వనపర్తి సంస్థానం గడ్డ మీద పుట్టినవారే. పిల్లలకు వసతి, భోజనం చూస్తూనే ప్రతాపరెడ్డిగారు హాస్టల్లో మంచి గ్రంథాలయం తయారుచేశారు. 1926 మే 10న గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. అప్పటికి నల్లగొండ నుంచి నీలగిరి, ఇనుగుర్తి నుంచి తెనుగు పత్రికలు వచ్చి ఉన్నాయి. గోలకొండ పత్రిక వారానికి రెండుసార్లు వచ్చేది. తొలినాళ్లలో సంపాదకుడూ ఆయనే, ప్రూఫులు దిద్దేదీ ఆయనే, చిరునామాలు రాసి పోస్టుకు పంపించేదీ ఆయనే. కల కన్నవాడే గుమాస్తా పనీ చేశాడన్నమాట. 1930లో జోగిపేటలో జరిగిన తొలి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభకు ఆయన్నే అధ్యక్షుణ్ణి చేశారు.

ఇక అసలు సంగతి. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమని ముడుంబై వెంకటరాఘవాచార్యులు అనే ఆయన రాశారు. ఆ మాట పడింది ఎలాంటి గడ్డ మీదో చూడండి. పండితుల్ని ఆదరించిన గద్వాలకు విద్వద్గద్వాల అని పేరు. వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం సంస్థానాలూ అంతే. తిరుపతి వేంకటకవులు అవధానాలు చేసి సన్మానాలు అందుకున్న కొలువులివి. మరి కవులు లేరన్న మాట ఎలా వచ్చింది? రాసింది తాటాకుల్లో, రాతప్రతుల్లో, సంస్థానాల బీరువాల్లో ఉండిపోయింది. అచ్చు కానిది లోకానికి లేనట్టే.

ఇంకొకరైతే ఘాటుగా ఒక సంపాదకీయం రాసి ఊరుకునేవారు. ప్రతాపరెడ్డిగారు పత్రికలో ప్రకటన వేశారు. కవులంతా తమ పద్యాలూ వివరాలూ పంపాలని కోరారు. ఊరూరి నుంచి ఉత్తరాలు వచ్చాయి. వాటిని ఏర్చి కూర్చి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. లెక్కపెడితే అందులో 354 మంది కవులు! నేను ఆ సంచిక తిరగేసినప్పుడల్లా ముందు పద్యాల జోలికి పోను, ఊళ్ల పేర్లు చూస్తాను. బస్సు కూడా సరిగ్గా పోని పల్లెల పేర్లు కనిపిస్తాయి. ఆ పల్లెలో ఒకాయన దీపం ముందు కూర్చుని పద్యం నకలు తీసి, కవరులో పెట్టి, హైదరాబాదుకు పంపాడు. లేరన్న మాటకు అంతకన్నా గట్టి జవాబు లేదు.

పెద్దపని తర్వాత వచ్చింది. 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఆయన రాజుల యుద్ధాలను వెనక్కి నెట్టారు. మనవాళ్లు ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు, దేనికి భయపడ్డారు అన్నవాటిని ముందుకు తెచ్చారు. అందుకోసం క్రీడాభిరామం, హంసవింశతి, శుకసప్తతి లాంటి కావ్యాలను సాక్ష్యాలుగా పిలిచారు. 1952లో వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు గెలిచారు. ఏడాది తిరిగేసరికి, 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. అదే ఏడాది జనవరిలో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు అలంపురంలో జరిగాయి. వాటిని ముందుండి నడిపించింది ఆ ఊరి గడియారం రామకృష్ణశర్మగారు. కాళోజీ కవితల పుస్తకం ‘నా గొడవ’ను శ్రీశ్రీ ఆవిష్కరించింది ఆ సభల్లోనే. కవులు పూజ్యమన్న గడ్డ మీద, ఇరవై ఏళ్లు తిరక్కముందే!

ఈ చూపు ఒక్కరితో ఆగిపోలేదు. అచ్చంపేట వైపు జినుకుంటలో 1928లో పుట్టిన కపిలవాయి లింగమూర్తిగారు నాగర్‌కర్నూల్లో స్థిరపడ్డారు. పాలెం ఓరియంటల్ కళాశాలలో పాఠాలు చెబుతూ పాలమూరు గుళ్ల చరిత్రలు, శాసనాలు, స్థలపురాణాలు సేకరించి పుస్తకాలు చేశారు. మన జిల్లాకూ చరిత్ర ఉందని ఆయన నమ్మారు, 2018లో కన్నుమూసేదాకా దానికి రుజువులు పోగేస్తూనే ఉన్నారు.

ఇక ప్రతాపరెడ్డిగారి చూపుకు గుర్తింపు ఆయన పోయాకా వచ్చింది. కేంద్ర సాహిత్య అకాడమీ తన తొలి తెలుగు పురస్కారం 1955లో ఆంధ్రుల సాంఘిక చరిత్రకే ఇచ్చింది, అందుకోవడానికి రచయిత లేకపోయినా.

అందుకే పిల్లలకు నేను చెప్పేది ఇదే. చార్టు మీద బొమ్మలు అంటించండి, తప్పులేదు. దాని కిందే ఒక చిన్న జాబితా రాయండి. మీరు కోరుకున్నది ఇప్పటికే ఎక్కడ నడుస్తోందో వెళ్లి చూశారా? అది ఇక్కడికి రావడానికి ఏం అడ్డొస్తోంది? రేపు పొద్దున ఎవరికి ఉత్తరం రాయాలి? ఈ మూడింటికీ జవాబు రాయగలిగితే అది కల. లేకపోతే అది గోడకు అలంకారం, అంతే.