కనుమ మార్గాలలో సైకిలు యాత్ర

కనుమ మార్గాలలో సైకిలు యాత్ర అనగా రెండు కొండల నడుమ ఉండే కనుమను లేదా పర్వత శ్రేణిని దాటే రోడ్డుపై సైకిలుతో చేసే దూర ప్రయాణం. తెలుగు నేలపై ఇటువంటి రోడ్లను సాధారణంగా ఘాట్ రోడ్లు అంటారు. మైదానంలో యాత్రకు కిలోమీటర్లు లెక్కిస్తే సరిపోతుంది. కనుమలలో మాత్రం ఎక్కవలసిన ఎత్తు, రాత్రి బస చేసే చోటి ఎత్తు, దిగేటప్పుడు బ్రేకుల స్థితి ముఖ్యమైనవి.

చరిత్ర

1910లో టూర్ ద ఫ్రాన్స్ సైకిలు పందెం మొదటిసారిగా పిరనీస్ పర్వతాలలోని ఎత్తైన కనుమల మీదుగా సాగింది. అంతకు కొన్ని నెలల ముందు, జనవరిలో, దారి పరిశీలనకు వెళ్ళిన అల్ఫోన్స్ స్టైనెస్ 2,115 మీటర్ల ఎత్తున ఉన్న టూర్మలే కనుమ వద్ద మంచులో చిక్కుకొని, రాత్రివేళ కాలినడకన అతి కష్టం మీద బయటపడ్డాడు. అయినా దారి చక్కగా ఉన్నదని నిర్వాహకులకు తంతి పంపాడు. జూలైలో 326 కిలోమీటర్ల ఆ అంచెలో పాల్గొన్న ఆక్తావ్ లాపీజ్ నిర్వాహకులను హంతకులని దూషించాడు. ఆ అంచెను, ఆ ఏటి పందేన్ని కూడా అతడే గెలిచాడు. గొలుసును ఒక పళ్ళచక్రం నుండి మరొక దానికి మార్చే గేర్ల యంత్రాన్ని ఈ పందెంలో 1937లో గాని అనుమతించలేదు.

ఎత్తు లెక్క

వంద మీటర్లు ముందుకు సాగినప్పుడు ఎనిమిది మీటర్లు పైకి లేచే రోడ్డు వాలును 8 శాతం అంటారు. మనిషి, సైకిలు, సామాను కలిపి 90 కిలోలు అనుకుంటే 1,000 మీటర్లు ఎక్కడానికి సుమారు 880 కిలోజౌళ్ళ పని అవసరం. కాళ్ళ నుండి నిలకడగా 150 వాట్ల శక్తి వచ్చే వ్యక్తికి ఇది గంటా నలభై నిమిషాల పని. గాలి, రోడ్డు రాపిడి కలిపితే ఇంకా ఎక్కువే పడుతుంది. కాబట్టి గంటకు 600 మీటర్ల ఎత్తు అనే లెక్క ఆశావహమైనది. సామాను ఎక్కువైతే 400 మీటర్లు అనుకోవడం మేలు.

ముందు, వెనుక పళ్ళచక్రాలు సమానంగా ఉన్న గేరులో పెడలు ఒకసారి తిరిగితే సైకిలు సుమారు 2.1 మీటర్లు కదులుతుంది. నిమిషానికి అరవై సార్లు తొక్కితే వేగం గంటకు ఏడున్నర కిలోమీటర్లు. 8 శాతం వాలుపై పైన చెప్పిన 150 వాట్లకు సరిగ్గా ఇదే వేగం వస్తుంది. ఇంతకన్నా పెద్ద గేరు మాత్రమే ఉన్న సైకిలుతో నిటారు వాలు ఎక్కితే మోకాళ్ళపై భారం పడుతుంది.

ఎక్కవలసిన మొత్తం ఎత్తును బయలుదేరే చోటు, చేరే చోటుల ఎత్తుల తేడాగా భావించడం తరచుగా జరిగే పొరపాటు. భారత సర్వే శాఖ పటాలలోని సమోన్నత రేఖలను దారి వెంబడి పరిశీలిస్తే మధ్యలో వచ్చే దిగుళ్ళు, మళ్ళీ ఎక్కుళ్ళు బయటపడతాయి.

తెలుగు రాష్ట్రాలలో

విశాఖపట్నం - అరకు మార్గం సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట వరకు దాదాపు మైదానమే. తరువాత ఎక్కుడు మొదలవుతుంది. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నా, దారి అంతకన్నా ఎత్తైన గాలికొండ ప్రాంతం మీదుగా పోయి మళ్ళీ లోయలోకి దిగుతుంది. వానాకాలంలో కొండచరియలు విరిగిపడడం, లంబసింగి వైపు చలికాలపు ఉదయాలలో దట్టమైన పొగమంచు ఇక్కడి ప్రధాన ప్రమాదాలు. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనుకూల కాలం.

నల్లమలలో గిద్దలూరు - నంద్యాల మధ్య నంది కనుమ, చిత్తూరు - పలమనేరు దారిలో మొగిలి ఘాట్ చెప్పుకోదగినవి. హైదరాబాదు - శ్రీశైలం రోడ్డు పులుల అభయారణ్యం గుండా పోతుంది గనుక రాత్రివేళ రాకపోకలను అనుమతించరు. చీకటి పడక ముందే అడవి దాటేలా అంచెలను నిర్ణయించుకోవాలి.

వరంగల్ నగరంలోని కాశిబుగ్గ వంటి మైదాన ప్రాంతాల వారికి దగ్గరలో పొడవైన ఎక్కుడు లేదు. వీరు ఎదురుగాలిలో పెద్ద గేరుతో గంటసేపు ఆగకుండా తొక్కడం అభ్యాసంగా చేయవచ్చు, కాని అది పూర్తి ప్రత్యామ్నాయం కాదు. వరంగల్ మీదుగా విశాఖపట్నం వెళ్ళే గోదావరి ఎక్స్‌ప్రెస్ వంటి రైళ్ళు ఉన్నాయి. రైలులో సైకిలును పార్శిలు కార్యాలయంలో నమోదు చేసి పంపవలసి ఉంటుంది.

హిమాలయాలలో

మనాలి (సుమారు 2,050 మీ.) - లేహ్ (సుమారు 3,500 మీ.) రహదారి భారత సైకిలు యాత్రికులలో ప్రసిద్ధి చెందినది. రోహ్తాంగ్ (3,978 మీ.), బారాలాచా లా (సుమారు 4,890 మీ.), నకీ లా, లాచులుంగ్ లా (సుమారు 5,060 మీ.), టాంగ్లాంగ్ లా (సుమారు 5,330 మీ.) ఇందులోని కనుమలు. నకీ లాకు ఎక్కే గాటా లూప్స్‌లో 21 మలుపులు ఉన్నాయి. 2020 అక్టోబరు 3న ప్రారంభమైన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం వలన వాహనాలకు రోహ్తాంగ్ ఎక్కవలసిన అవసరం తప్పింది.

5,000 మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రమట్టం వద్ద ఉన్నదానిలో సగానికి కొంచెం ఎక్కువ మాత్రమే. 3,000 మీటర్లు దాటిన తరువాత ప్రతి రాత్రి బస చేసే ఎత్తు 500 మీటర్లకు మించి పెరగరాదని, మూడు నాలుగు రోజులకు ఒక రోజు విశ్రాంతి ఉండాలని పర్వత వైద్యుల సూచన. జిస్పా (సుమారు 3,200 మీ.) నుండి ఒకే రోజులో సర్చు (సుమారు 4,290 మీ.) చేరితే ఈ నియమం రెట్టింపుకు పైగా తప్పినట్లే. నడుమ పట్సియో వద్ద ఒక రాత్రి ఆగితే పెరుగుదల సుమారు 600, 500 మీటర్లుగా విడిపోతుంది.

తలనొప్పి, వాంతులు కనిపిస్తే ఇంకా పైకి వెళ్ళరాదు. నడకలో తూలడం, మాట తడబడడం, విశ్రాంతిలోనూ ఆయాసం ఉంటే మెదడులో లేదా ఊపిరితిత్తులలో నీరు చేరుతున్నదని అనుమానించి వెంటనే కిందికి దిగాలి. ఈ మార్గంలోని అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. సర్చులో జబ్బు పడినవారు ఎటు వెళ్ళినా మొదట మరొక కనుమ ఎక్కితేనే గాని బాగా దిగువకు చేరలేరు. అందుచేత అక్కడ రోగిని సైకిలుపై కాక వాహనంలో, అవసరమైతే ఆక్సిజన్‌తో తరలించాలి. ఎసిటజోలమైడ్ మాత్రలను వైద్యుని సలహాపైనే వాడాలి.

దిగుడు

ఎక్కేటప్పుడు కూడిన శక్తి అంతా దిగేటప్పుడు గాలి నిరోధంలోనూ బ్రేకులలోనూ వేడిగా మారుతుంది. చక్రపు అంచును పట్టే బ్రేకులను ఎడతెగకుండా నొక్కి ఉంచితే అంచు వేడెక్కి ట్యూబు పగిలే అవకాశం ఉంది. మలుపుకు ముందే గట్టిగా నొక్కి వేగం తగ్గించి, తిన్నని భాగంలో వదిలివేయడం సరైన పద్ధతి. ఎక్కుడులో పట్టిన చెమటతో దిగితే చలికి వేళ్ళు కొయ్యబారి బ్రేకు పట్టు తప్పుతుంది కాబట్టి, కనుమ పైనే పొడి బట్టలు, చేతి తొడుగులు వేసుకొని దిగుతారు.